ఎలుగుబంటి కడుపులో ఏడో పేజీ

ఆ ఎండాకాలం మ్యూజియంలో తోడేలు కడుపు పగిలింది. ఆ కబురు మా ఇంటికి తెచ్చింది కళ్లాయన.

మ్యూజియం చూసుకునే మనిషికి ఊరంతా కలిసి పెట్టిన పేరది. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బా ఉండేది. అందులో గాజు కళ్లు. నక్కవి, జింకవి, గుడ్లగూబవి. మాట్లాడేటప్పుడు ఆ డబ్బాని గలగలలాడించడం ఆయనకు అలవాటు. మా వీధిలోకి వస్తుంటే ముందు ఆ చప్పుడు వినపడేది, తర్వాత మనిషి కనపడేవాడు.

"పరుపులు కుట్టే అమ్మ ఇల్లు ఇదేనా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"పరుపా, దిండా?" అంది అమ్మమ్మ తల ఎత్తకుండా.

"తోడేలు."

అమ్మమ్మ చేతిలో దబ్బనం ఆగింది.

"బతికుందా?"

"పోయి నలభై ఏళ్లయిందమ్మా. పొట్ట కుట్లు ఊడిపోయాయి, లోపలి గడ్డి బయటికొస్తోంది. దర్జీని అడిగితే నా మిషను కింద తోడేలు పట్టదు పొమ్మన్నాడు. చెప్పులు కుట్టే అతను వచ్చాడుగానీ, దాని మొహం చూసి సంచీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు."

"నేనొస్తా! నేనొస్తా!" అని మా చెల్లి దూది కుప్పలోంచి లేచింది. నెత్తినిండా దూది. కళ్లాయన ఉలిక్కిపడి డబ్బా జారవిడిచాడు. గాజు కళ్లన్నీ మా ఇంటినిండా దొర్లాయి. వాటిని ఏరడానికి నలుగురం నేలమీద పాకాం. అలా మొదలైంది మా స్నేహం.

అప్పటికి ఇంట్లో ముగ్గురం. అమ్మమ్మ, నేను, చెల్లి. నాకు పదకొండేళ్లు, దానికి ఏడు. అమ్మ పోయి రెండేళ్లు. చెల్లి బక్కగా, గంతులేస్తూ, నోటికి తాళం లేకుండా ఉండేది కాబట్టి పిచ్చుక అనేవాళ్లం. పెద్ద వీధిలో స్పాంజి పరుపుల దుకాణం తెరిచాక దూది పరుపులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. పిల్లల్లేని మా పిన్ని ఉత్తరం రాసింది. "అమ్మా, ఇద్దరు పిల్లల్ని నువ్వు ఎన్నాళ్లని సాకుతావు? చిన్నదాన్ని నాకిచ్చెయ్. వానలు మొదలయ్యేలోపు వచ్చి తీసుకెళ్తా."

ఆ ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపించింది నేనే. అమ్మ పోయాక బడి మానేశాను. పరుపుగుడ్డ తానుల అంచున మిల్లువాళ్లు కొట్టే ముద్రలు చూసి, దుకాణాల బోర్డులు చూసి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. ఎంతో గర్వపడేదాన్ని. ఆ ఉత్తరం సగానికి వచ్చేసరికి, ఈ చదువు రాకపోయినా బాగుండేదనిపించింది.

కళ్లాయన వెళ్లాక అమ్మమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "పద్నాలుగు జంతువులున్నాయట అక్కడ. అన్నీ ఇవాళో రేపో పగిలేవే. తోడేలు బాగా చేశామనిపిస్తే మిగతా పదమూడూ మనకే. ఆ పని నిలబడితే ఎవర్నీ ఎక్కడికీ పంపక్కర్లేదు."

ఆ క్షణం నుంచి తోడేలు పొట్ట నా పొట్టే అయిపోయింది.

మ్యూజియం అంటే మూడు గదులు. ఎండకు జంతువుల వెంట్రుకలు రంగు పోతాయని కిటికీలకు మందపాటి తెరలు కట్టేవారు. లోపల అడుగుపెడితే కలరా ఉండల వాసన, పాత చాపల వాసన. ఏమీ కనపడలేదు. కళ్లాయన ఒక తెర లాగాడు. నక్క! ఇంకో తెర లాగాడు. జింక, దాని వెనక నీటికుక్క, పైకప్పు కింద రెక్కలు విప్పిన గుడ్లగూబ! మూడో గదిలో తెర లాగేసరికి రెండు కాళ్లమీద నిలబడి ఎలుగుబంటి మా మీదికే వస్తున్నట్టుంది. నేను అమ్మమ్మ వెనక్కి దూరాను. పిచ్చుక మాత్రం దాని గోళ్ల కిందికి వెళ్లి నిలబడి మెడ పైకెత్తింది.

"అక్కా, దీనికి నాలుక కూడా ఉందే!"

"ముట్టుకోకు!"

"మీ అక్క చెప్పింది నిజం," అన్నాడు కళ్లాయన. "పురుగు పట్టకుండా తోలుకి లోపల విషం పూస్తారు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టుకోకూడదు."

ఆ ఒక్క మాట చాలు నాకు. ఆ ఎండాకాలమంతా పిచ్చుక చేతులు ఎన్నిసార్లు కడిగించానో లెక్కలేదు. ఇంట్లో నిద్ర లేచినా కడిగించాను.

ప్రతి జంతువు ముందూ ఒక అట్టచీటీ ఉండేది. జంతువు పేరు, ఆడదో మగదో, ఎక్కడ దొరికింది, ఎప్పుడు. నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే కళ్లాయన డబ్బా గలగలలాడించాడు. "ఈ గదుల్లో పురుగులుంటాయి, దుమ్ము ఉంటుంది. చీటీల మీద అబద్ధం మాత్రం ఉండదు. తెలియనిచోట తెలియదు అనే రాశాను, చూడు." నిజమే. నీటికుక్క చీటీ మీద రెండుచోట్ల "తెలియదు" అని ఉంది.

తోడేలుని పక్కకి తిప్పి చాపమీద పడుకోబెట్టారు. అమ్మమ్మ దాని పొట్టమీద పిడికిలితో ఒత్తి చూసి పెదవి విరిచింది.

"ఎవరు నింపారయ్యా దీన్ని? ఒకచోట గట్టి, ఒకచోట గుల్ల. నేను ఇట్లాంటి పరుపిస్తే నా నెత్తిన కొట్టి పోయేవాళ్లు."

కుట్లన్నీ విప్పి లోపలిది బయటికి లాగడం మొదలుపెట్టింది. ఎండుగడ్డి, రంపపు పొట్టు, మళ్లీ గడ్డి. ఆ తర్వాత ఉండలు చుట్టిన పాత వార్తాపత్రికలు.

"అవతల పారెయ్," అంది నాతో.

అచ్చయిన కాగితం నేనెలా పారేస్తాను? కిటికీ కిందకి తీసుకెళ్లి, ఒక్కొక్క ఉండ విప్పి, మోకాలిమీద సాపు చేశాను. అలా విప్పిన నాలుగో ఉండలో ఉందామె.

నేను పైకే చదివాను. మధ్యలో ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివాను. ఒక ప్రదర్శన మైదానంలో వేలమంది చూస్తుండగా ఒక యువతి బెలూను బుట్టలో ఎక్కిందట. బెలూనుని కిందికి పట్టి ఉంచిన తాడు తెగిందట. గాలి ఒక్క ఊపున దాన్ని సముద్రం వైపు ఈడ్చుకుపోయిందట. కింద ఆమె చెల్లెలు తెగిన తాడు కొస చేత్తో పట్టుకుని "అక్కా" అని అరుస్తూ మైదానం దాటి పరుగెత్తిందట. "బెలూను అంతకంతకూ చిన్నదై, చుక్కంతై..." అని ఉంది. దాని కింద: మిగతా ఏడో పేజీలో.

"ఊఁ?" అంది అమ్మమ్మ. తోడేలు పొట్టలో మోచేతిదాకా ఉంది ఆమె చెయ్యి. "చదువు, ఆగావేం?"

"అయిపోయింది. మిగతా ఏడో పేజీలో అట."

"ఏడో పేజీ ఏది?"

వెతికాం. గడ్డి పోచ పోచా దులిపాం. తోడేలు మెడలో ఉన్నదంతా లాగాం. మూడో పేజీ దొరికింది, అంతా తలనూనె ప్రకటనలే. అయిదో పేజీ దొరికింది. ఏడో పేజీ లేదు. కళ్లాయన కూడా నేలమీద కూర్చుని ఉండలు విప్పుతున్నాడు.

"వీటన్నిటినీ ఒకే మనిషి ఒకే నెలలో నింపాడు," అన్నాడు ఉన్నట్టుండి. "ఒకే కట్ట కాగితాలు వాడి ఉంటాడు."

పిచ్చుక చప్పట్లు కొట్టింది. "అయితే ఇక్కడే ఉంది! వీటిల్లో దేని కడుపులోనో ఉంది!"

నలుగురం ఒక్కసారే తలలు తిప్పి చూశాం. నక్క, జింక, కొంగ, గుడ్లగూబ, ఎలుగుబంటి. ఇందాకటి జంతువులు కావవి. అందరికీ తెలిసిన ఒక సంగతి మాకు చెప్పకుండా నోళ్లు బిగించుకుని నిలబడ్డ పదమూడు మొహాలు.

"నక్క పొట్ట కొంచెం విప్పి చూద్దామా?" అంది అమ్మమ్మ గొంతు తగ్గించి.

"అమ్మా, మీరు కూడానా!" కళ్లాయన లేచి నిలబడ్డాడు. "ముందు మా పై అధికారి పెద్దసారు వచ్చి తోడేలుని చూసి సరే అనాలి. అప్పటిదాకా ఇంకొక్క కుట్టు విప్పడానికి వీల్లేదు." కానీ వెళ్లేటప్పుడు ఆయనే ఎలుగుబంటి దగ్గర ఆగి, దాని పొట్టకి చెవి ఆనించినంత పని చేశాడు.

ఇక మా ఇంట్లో అన్నం తింటున్నా ఆ బెలూనే, నీళ్లు మోస్తున్నా ఆ బెలూనే.

"ఓడమీద పడుంటుంది," అనేది పిచ్చుక. "ఓడవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి దేశాలన్నీ చూపించి ఉంటారు."

"సముద్రంలో పడి పోయి ఉంటుంది," అనేదాన్ని నేను.

"నీకెప్పుడూ అందరూ పడిపోతారే అక్కా!"

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ పిల్లలు మెట్లెక్కుతుంటే కింద చేతులు చాపి నిలబడతాను.

పెద్దసారు రావడానికి అయిదు రోజులుంది. కళ్లాయన తోడేలు ముక్కుకి పూసే నల్లరంగు తేవడానికి పక్క ఊరు వెళ్లి నాలుగు రోజులు ఉండిపోయాడు. ఆ నాలుగు రోజుల్లో అమ్మమ్మ తన జీవితంలోకెల్లా గొప్ప పని చేసింది. గడ్డి కడిగి ఎండబెట్టింది, దూది కలిపి ఏకింది, దోసిలి దోసిలిగా తోడేలులోకి కూరింది. పిడికిలితో గుద్ది, మోకాలితో అదిమి, ఎక్కడా గుల్ల లేకుండా చూసింది. చివరికి కుట్టు బయటికి కనపడకుండా లోపలి నుంచి పురికొస లాగి ముడి వేసింది. దారం ఎక్కించింది నేను. కత్తిరించింది పిచ్చుక. ముగ్గురం వెనక్కి జరిగి చూసుకున్నాం. ఎంత ముచ్చటగా ఉందో!

పెద్దసారు రేపు వస్తాడనగా కళ్లాయన తిరిగొచ్చాడు. గుమ్మంలోనే డబ్బా చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా," అన్నాడు. "ఇదేంటి?"

"తోడేలు."

"తోడేలుని మింగిన తోడేలులా ఉందమ్మా!"

అప్పుడు చూశాను నేను. డొక్కలు లేవు. నడుము లేదు. మెడ ఎక్కడ అయిపోయిందో, పొట్ట ఎక్కడ మొదలైందో తెలియదు. కాళ్లు నాలుగూ కింద ఎక్కడో చిన్నగా ఉన్నాయి. భోజనం చేసి ఇప్పుడే లేచిన పెద్దమనిషిలా ఉంది.

"పదేళ్లైనా కుంగదు," అంది అమ్మమ్మ మొండిగా.

"కుంగకపోవడానికి ఇది పరుపా? తోడేలు అంటే డొక్కలు కనపడాలి. అడవిలో తిరిగే మృగం, ఆకలిమీద ఉండాలి కదమ్మా!"

అమ్మమ్మ తోడేలుని చూసింది. తర్వాత మమ్మల్ని ఇద్దర్నీ చూసింది.

"నా చేతిలో పడ్డది ఏదీ ఆకలిమీద ఉండదు. నేనుంచను."

మళ్లీ విప్పుదామంటే పాత తోలు, రెండోసారి విప్పితే చిరుగుతుందని అమ్మమ్మకీ కళ్లాయనకీ తెలుసు. ఆ మధ్యాహ్నం ఇంటికి నడుస్తూ నేను పిచ్చుక చెయ్యి వదల్లేదు. అరచెయ్యి చెమట పట్టి జారిపోతున్నా వదల్లేదు.

"రేపు ఆయన బాగాలేదంటే పిన్ని నిన్ను తీసుకెళ్లిపోతుంది, తెలుసా?" అన్నాను.

"అయితే బాగుందనిపిస్తాలే," అంది అది.

పెద్దసారు మరునాడు పదింటికి వచ్చాడు. బూట్ల చప్పుడుకి గాజు బీరువాలు వణికాయి. తోడేలు ముందు నిలబడ్డాడు. కుడివైపు నుంచి చూశాడు, ఎడమవైపు నుంచి చూశాడు. చీటీ చదివాడు. మళ్లీ తోడేలుని చూశాడు.

"ఇది... ఎందుకిలా ఉంది?"

అప్పుడు పిచ్చుక ఒక్క అడుగు ముందుకేసింది.

"కడుపుతో ఉందండి," అంది. "నెలలు నిండాయి. అందుకే గట్టిగా మాట్లాడకూడదు."

పెద్దసారు మీసం కదిలింది. కళ్లాయన వైపు తిరిగాడు. "అవునా?"

అవును అంటే చాలు. ఒక్క మాట. నేను ఆయన్నే చూస్తూ లోపల్లోపల బతిమాలుతున్నాను. అనండి, అనండి, అనండి.

కళ్లాయన జేబులో డబ్బాని గట్టిగా పట్టుకున్నాడు.

"కాదండి," అన్నాడు. "అది మగది. చీటీ మీద రాసి ఉంది. డొక్కల కొలతలు ఇవ్వకుండా ఊరెళ్లింది నేను, లావెక్కడం నా తప్పు. కానీ సార్, ఒక్కసారి కుట్టు చూడండి."

పెద్దసారు వంగాడు. పొట్ట కింద వేలితో తడిమాడు. అద్దాలు పెట్టుకుని మళ్లీ తడిమాడు. "కుట్టు ఎక్కడ?"

"అదేనండి నేను చెప్పేది."

అమ్మమ్మ వెళ్లి ఆయన వేలు పట్టుకుని కుట్టుమీద పెట్టింది. అప్పటికీ ఆయనకు కనపడలేదు, తగిలిందంతే. ఆయన నిటారుగా నిలబడి, తోడేలుని ఇంకోసారి చూశాడు. ఈసారి ఆపుకోలేకపోయాడు. అద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు.

"మిగతావి కూడా కానివ్వండి," అన్నాడు. "కాస్త తిండి తగ్గించి."

ఆ రోజు మేం ఇంటికి నడవలేదు, పరుగెత్తాం. అమ్మమ్మ కూడా పరుగెత్తింది, ఆ మోకాళ్లతో! తోడేలుని మళ్లీ సన్నగా చేస్తానని కళ్లాయన చాలా ఏళ్లు అంటూనే ఉన్నాడు. మొన్న మనవరాలిని తీసుకెళ్లి చూశాను. ఇంకా అలాగే ఉంది. కుంగలేదు.

పిన్ని తొలి మబ్బుతోపాటే వచ్చింది. ఆమె చేతిలో చిన్న గొడుగు ఉంది, పిల్లలు పట్టుకునేది.

"కూర్చోవే," అంది అమ్మమ్మ. "పని దొరికింది. పిల్లని పంపట్లేదు."

పిన్ని గొడుగుని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నీళ్లు తాగింది. "మంచిదేలే అమ్మా. ఎక్కడున్నా అక్క పిల్లేగా. చూసి పోతాను," అంది. గొంతు సరిగ్గానే ఉంది. గొడుగు మడతల్ని మాత్రం మళ్లీ మళ్లీ సర్దుతోంది. నాకు లోపల పండగలా ఉంది. ఆమె మొహం చూడకుండా దారం చుడుతూ కూర్చున్నాను.

పిచ్చుక వెళ్లి ఆమె పక్కన చేరింది. "పిన్నీ, మీ ఇంటి దగ్గర ఏముంటుంది?"

"ఏముంటుందే, సముద్రం."

"సముద్రమా! నిజంగానా? ఇంటి నుంచి కనపడుతుందా?"

"పెరటి గోడ ఎక్కితే కనపడుతుంది."

పిచ్చుక నా వైపు తిరిగింది. దాని కళ్లలోకి చూడగానే నా చేతిలో దారం ఉండ ఆగిపోయింది. ఊపిరి తీసుకోకుండా బెలూను కథంతా పిన్నికి చెప్పింది. నేను చదివినట్టే చెప్పింది. నేను ఆగినచోట ఆగింది, నేను గొంతు పెంచినచోట పెంచింది. తర్వాత లోపలికి వెళ్లి తన రెండో గౌను తెచ్చుకుంది.

"నేను వెళ్లి చూసొస్తా."

పిన్ని అమ్మమ్మని చూసింది.

"ఎన్నాళ్లకి వస్తావే?" అంది అమ్మమ్మ.

"ఏడో పేజీ దొరికేదాకా."

దాన్ని ఎవరూ లాక్కెళ్లలేదు. ఏడవలేదది. గొడుగు విప్పి, మూసి, విప్పి, గంతులేస్తూ మెట్లు దిగింది. ఆ కాగితం పారెయ్యమన్నప్పుడు పారేసి ఉంటే అనుకున్నాను. రైలు దగ్గర ఎన్నో చెప్పాలనుకున్నాను. కిటికీలోంచి దాని మొహం కనపడగానే నా నోట వచ్చింది ఒక్కటే.

"చేతులు కడిగావా?"

వానల్లో ఎలుగుబంటి వంతు వచ్చింది. అప్పటికి నక్క అయింది, జింక అయింది, గుడ్లగూబ అయింది. అన్నిటిలో ఒకటీ రెండూ నాలుగూ పేజీలు. ఎలుగుబంటి కడుపులో గడ్డి కంటే కాగితాలే ఎక్కువ. అమ్మమ్మ అందించడం, నేను విప్పడం, కళ్లాయన దీపం పట్టుకోవడం. ఒక ఉండ విప్పగానే మూలన అంకె కనపడింది. ఏడు.

నేను అరిచిన అరుపుకి కళ్లాయన దీపం వదిలేయబోయాడు. ముగ్గురికీ వినపడేలా చదివాను. చదవడం అయ్యేసరికి అమ్మమ్మ ఎలుగుబంటి తొడమీద చరిచి నవ్వుతోంది.

"వెంటనే పిచ్చుకకి రాయి!" అంది.

అదే నేను రాసిన మొదటి ఉత్తరం. అక్షరాలు గీతమీద నిలబడలేదు. "పిచ్చుకా, ఏడో పేజీ దొరికింది. ఎలుగుబంటి కడుపులో ఉంది. బెలూను సముద్రం అంచుదాకా వెళ్లింది. అప్పుడు గాలి తిరిగింది." అక్కడ ఆగాను. కలం మళ్లీ సిరా బుడ్డిలో ముంచాను. తర్వాత రాశాను: "మిగతా ఇక్కడికి వస్తే."

"పాపమే, చెప్పెయ్యకూడదూ?" అంది అమ్మమ్మ.

"చెప్పేస్తే ఎందుకొస్తుంది?"

పది రోజులకి జవాబొచ్చింది. పిన్ని దాన్ని బడిలో వేసినట్టుంది, నా అక్షరాల కంటే దాని అక్షరాలే బాగున్నాయి. "అక్కా నువ్వు దొంగవి. చెప్పు." నేను రాశాను: "రా." అది రాసింది: "ఒక్క ముక్క చెప్పు." నేను రాశాను: "రా."

మళ్లీ ఎండాకాలం వచ్చింది. స్టేషన్లో నేను రైలుకి గంట ముందే ఉన్నాను. రైలు పూర్తిగా ఆగకముందే తలుపులోంచి ఒక పిల్ల దూకింది. నేను కెవ్వుమన్నాను. నల్లబడింది, జానెడు పొడుగైంది. వెనక పిన్ని "మెల్లగా!" అని అరుస్తోంది. పిచ్చుక పలకరించలేదు, కౌగిలించుకోలేదు. నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

"బతికిందా?"

"బతికింది. పొలంలో దిగిందట. జనం పరుగెత్తుకెళ్లేసరికి గట్టుమీద కూర్చుని జడ వేసుకుంటోందట. మొదట ఏమడిగిందో తెలుసా? మళ్లీ ఎప్పుడు ఎక్కనిస్తారు, అందట!"

"నేను చెప్పలా! నేను చెప్పలా!" పిచ్చుక ప్లాట్‌ఫారం మీద గిర్రున తిరిగింది. పెట్టెలు మోసేవాళ్లు ఆగి చూశారు. తర్వాత అదీ ఆగింది. "మరి చెల్లెలో? తాడు పట్టుకుని పరుగెత్తింది కదా, ఆ పిల్ల ఏమైంది?"

ఏడో పేజీలో ఆ పిల్ల మాటే లేదు. ముందూ వెనకా తిప్పి ఎన్నిసార్లు చూశానో నాకే తెలుసు. కళ్లాయనైతే "తెలియదు" అని చీటీ రాసి పెట్టేవాడు.

"అది కొంగలో ఉందట," అన్నాను. "దాన్ని వచ్చే ఎండాకాలం విప్పుతారు."

పిచ్చుక నా మొహంలోకి చూసింది. తర్వాత పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

"సరే, వస్తాలే," అంది.